పాట ఆగిన క్షణంలో తెర మీద ఏముంది?

ప్రశ్న: మా కారుకు ఎనిమిదేళ్లు. కంపెనీ నుంచి వచ్చిన టచ్‌స్క్రీన్ స్టీరియోనే ఇప్పటికీ ఉంది, బయట వేరేది పెట్టించలేదు. కొన్ని నెలలుగా పాట మధ్యలో ఆగిపోతోంది. తెర మీద పాట నడుస్తూనే ఉంటుంది, సెకన్లు కదులుతుంటాయి, కానీ నాలుగు స్పీకర్లలో ఒక్కదాంట్లోనూ చప్పుడు ఉండదు. కాసేపటికి దానంతట అదే వస్తుంది. రెండు మూడు సార్లు మాత్రం సెట్టే పూర్తిగా ఆరిపోయి, కంపెనీ బొమ్మ చూపించి మళ్లీ మొదలైంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ బ్రహ్మాండంగా పాడుతుంది. ఒకాయన సెట్ పోయింది, మార్చేయమన్నారు. ఇంకొకాయన బ్యాటరీ అన్నారు. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ అంటాడు. సెట్ మార్చాల్సిందేనా? ఇలాగే నడిపితే వైరింగ్ కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అన్నట్టు, ఒకసారి విసుగొచ్చి డ్రైవర్ తలుపు గట్టిగా వేస్తే పాట వచ్చింది!

జవాబు: సెట్ మార్చకండి, ఇప్పుడే వద్దు. ముగ్గురు మూడు మాటలు చెప్పారు గానీ, ఉత్తరం చివర్లో మీరు విసుగ్గా రాసిన ఆ తలుపు సంగతే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

వచ్చిపోయే లోపాలతో చిక్కేమిటంటే, పాట వస్తున్నప్పుడు ఎంత వెతికినా ఏమీ దొరకదు. మెకానిక్ దగ్గర బాగా పాడిందంటే అందులో ఆయన తప్పేం లేదు, ఆ సమయంలో అక్కడ పట్టుకోవడానికి లోపమే లేదు. దాంతో ఆయన అంచనా మీద చెప్తారు. అంచనాల్లో అన్నిటికంటే తేలికైంది ‘సెట్ పోయింది’ అనడం. పాట ఆగిన ఆ కొద్ది నిమిషాల్లో ఇంకా ఏది పనిచేస్తోంది, ఏది ఆగిపోయింది అని చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆ సగం మీరు తెలియకుండానే చేశారు. మీరు రాసినవి రెండు వేర్వేరు లక్షణాలు. ఒకసారి తెర నడుస్తూ చప్పుడు మాత్రం పోతోంది. ఇంకోసారి సెట్టే ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. ఈ రెండిటినీ కలిపేసి ‘స్టీరియో సరిగ్గా పనిచేయట్లేదు’ అని చెప్తే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు.

ముందు మొదటిది చూద్దాం, ఎక్కువసార్లు వస్తున్నది అదే కాబట్టి. సెట్ లోపల తెరను, రేడియోను నడిపే భాగం వేరు, స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్ చిప్ వేరు. మామూలు ఫ్యాక్టరీ సెట్లలో నాలుగు స్పీకర్లకూ కలిపి ఒకటే చిప్ ఉంటుంది. ఇంట్లో పాత టేప్‌రికార్డర్ స్పీకర్‌కి ఒక వైరు ఎర్త్ అయి ఉంటుందేమో గానీ, కారులో అలా కాదు. ప్రతి స్పీకర్‌కీ వెళ్లే రెండు వైర్లూ చిప్ నుంచే వస్తాయి, రెండింటిలోనూ దాదాపు సగం బ్యాటరీ వోల్టేజీ ఉంటుంది. కారు బాడీ రేకు బ్యాటరీ నెగెటివ్‌కి కలిపి ఉంటుంది, కారులో ఎర్త్ అంటే అదే. అందులో ఏ ఒక్క వైరు ఆ రేకుకి తగిలినా షార్ట్ అయినట్టే. అప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చాలా సెట్లలో ఒక్క స్పీకర్ వైరు తగిలినా నాలుగూ మూగబోతాయి. తెరకు ఈ గొడవతో సంబంధం లేదు గనుక సెకన్లు హాయిగా కదులుతూనే ఉంటాయి. వైరు రేకు నుంచి పక్కకు జరగ్గానే పాట వచ్చేస్తుంది, కొన్నిసార్లు ‘టప్’ అనే చిన్న చప్పుడుతో. మీరు రాసింది అచ్చం ఇదే.

స్పీకర్ వైరు ఉత్తినే తెగిపోతే ఆ ఒక్క స్పీకరే ఆగుతుంది, మిగతా మూడూ పాడతాయి. నాలుగూ ఒకేసారి ఆగాయంటే తెగడం కంటే తగలడాన్నే ముందు అనుమానించాలి.

మరి ఎక్కడ తగులుతుంది? తలుపుకీ, దాని కీళ్లు బిగించిన కారు స్తంభానికీ మధ్య ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు లోపలికి వెళ్లే వైర్లన్నీ దాంట్లోంచే వెళ్తాయి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అవి వంగుతూ, చాపుకుంటూ ఉంటాయి. ఎనిమిదేళ్లలో అన్ని తలుపులకంటే ఎక్కువసార్లు తెరుచుకునేది డ్రైవర్ తలుపే. వైరు పైనున్న ప్లాస్టిక్ తొడుగు పగులుతుంది, లోపల రాగి బయటపడుతుంది. ఆ గొట్టాన్ని స్తంభం వైపు మెల్లగా లాగి, టార్చ్ వేసి చూడండి. పగిలిన తొడుగు, పచ్చగా చిలుము పట్టిన రాగి కనిపిస్తే ఇక వెతకాల్సింది లేదు. అదే తలుపులో పవర్ విండో అప్పుడప్పుడు మొండికేయడం, సెంట్రల్ లాక్ ఒక్కోసారి పడకపోవడం కూడా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. వర్షం నీళ్లు తలుపులోకి దిగి స్పీకర్ టెర్మినళ్లు తుప్పు పట్టినా, లోపలి ప్యానెల్ ఎప్పుడో విప్పి బిగించినప్పుడు స్క్రూ వైరు మీద పడినా ఇలాగే అవుతుంది.

తలుపు వేసినప్పుడు వచ్చే అదురు డ్యాష్‌బోర్డ్‌నీ కదిలిస్తుంది కాబట్టి, ఒక్క దెబ్బకి పాట వచ్చిందని తలుపే దోషి అని తేల్చేయలేం. ఖాయం చేసుకోవడానికి దారి ఉంది. ఈసారి పాట ఆగినప్పుడు కారు పక్కకు ఆపి, సెట్ ఆఫ్ చేయకుండా, తలుపు తీసి ఆ రబ్బరు గొట్టాన్ని వేళ్లతో అటూ ఇటూ వంచండి. మోగడం, ఆగడం మీ చేతి కదలికతోపాటు జరిగితే దొరికినట్టే. చాలామంది ఇక్కడ బ్యాలెన్స్, ఫేడర్ (ధ్వనిని కుడి ఎడమలకీ, ముందు వెనకలకీ నెట్టే సెట్టింగులు) మార్చి చూస్తారు. షార్ట్ విషయంలో అది పనికిరాదు. ధ్వనిని వెనక స్పీకర్ల వైపు నెట్టినా ముందు తలుపు వైరులో ఆ సగం వోల్టేజీ ఉండనే ఉంటుంది, తగలడం తగులుతూనే ఉంటుంది.

గొట్టం వంచినా ఏమీ తేలకపోతే ఇంకొక పని చేయించండి. సెట్ వెనక కప్లర్ (వైర్లన్నీ సెట్‌కి గుచ్చే ప్లగ్) దగ్గర డ్రైవర్ తలుపు స్పీకర్‌కి వెళ్లే జతను విడదీసి, రెండు కొసలకీ విడివిడిగా టేప్ చుట్టించి, మూడు స్పీకర్లతో కొన్నాళ్లు నడపండి. పాట ఆగడం మానేస్తే రుజువైనట్టే. సెట్ మార్చడంతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఇంకో రకంగానూ చూడొచ్చు. తాళం తీసేసి, సెట్ వెనక కప్లర్ ఊడదీసి, ఒక్కో స్పీకర్ జత మధ్య ఓమ్స్ కొలవాలి. మామూలు 4 ఓమ్స్ స్పీకర్ మీటర్‌లో 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. కొన్ని ఖరీదైన సిస్టమ్‌లలో 2 ఓమ్స్ స్పీకర్లు ఉంటాయి, అక్కడ అంకె తక్కువ వచ్చిందని కంగారుపడొద్దు. తర్వాత ఒక్కో వైరుకీ బాడీ రేకుకీ మధ్య కొలవాలి. అక్కడ అసలు కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి, ఉండకూడదు. కొలుస్తున్నంతసేపూ పక్కన ఒకరు తలుపును తీస్తూ వేస్తూ ఉండాలి. తలుపు కదలకుండా కొలిచి ‘అంతా బాగుంది’ అనడం వల్లే చాలా కార్లు లోపంతోనే ఇంటికొస్తాయి.

రిపేరు చేసేటప్పుడు రెండు వైర్లూ మెలిపెట్టి టేప్ చుడితే మళ్లీ అదే పని చేయించుకోవాల్సి వస్తుంది. సోల్డరింగ్ చేస్తే ఆ చోట వైరు బిగుసుకుపోతుంది, వంగే చోట అతుకు ఉంటే దాని పక్కనే మళ్లీ తెగుతుంది. దెబ్బతిన్న ముక్కను పూర్తిగా తీసేసి, మెత్తటి వైరు కొత్తగా వేసి, అతుకులు రబ్బరు గొట్టానికి అటు తలుపులో ఒకటి, ఇటు స్తంభంలో ఒకటి వచ్చేలా చేయించండి. తలుపులో, సీటు కింద, స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌లవి. వాటిని మీటర్‌తో గానీ టెస్ట్ ల్యాంప్‌తో గానీ ముట్టుకోనివ్వద్దు.

కొన్ని కార్లలో యాంప్లిఫయర్ సెట్ లోపల కాకుండా సీటు కిందో డిక్కీలోనో విడిగా ఉంటుంది. మీ కారులో అలా ఉంటే తెర నడుస్తూ చప్పుడు పోవడానికి దాని ఫ్యూజ్, దాని ఎర్త్, సెట్ నుంచి దాన్ని ఆన్ చేసే సన్న వైరు కూడా కారణం కావచ్చు. సీటు కింద కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి. ఏసీ నీళ్లు, సన్‌రూఫ్ నీళ్లు చేరేది అక్కడికే.

ఇక రెండో లక్షణం, సెట్ మొత్తం ఆరి బొమ్మతో మళ్లీ మొదలవడం. ఇది కరెంటు అందకపోవడం. సెట్‌కి రెండు దారుల్లో కరెంటు వస్తుంది. ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండేది, జ్ఞాపకశక్తి దాని మీదే. రెండోది తాళం తిప్పితే వచ్చేది. ఈ రెండింటికీ కలిపి ఒక ఎర్త్. కొత్త కార్లలో తాళం తిప్పిన సంగతి వైరు ద్వారా కాకుండా కారు నెట్‌వర్క్ (కారులోని చిన్న కంప్యూటర్లు మాట్లాడుకునే దారి) ద్వారానూ అందుతుంది గానీ, ఇప్పుడు చెప్పే గడియారం పరీక్షకు తేడా లేదు. సెట్ మళ్లీ వెలిగిన వెంటనే గడియారం, దాచుకున్న స్టేషన్లు చూడండి. టైమ్ మర్చిపోయి మొదటి నుంచి మొదలైతే ఎప్పుడూ ఉండాల్సిన కరెంటుగానీ ఎర్త్ గానీ పోయిందన్నమాట. అన్నీ గుర్తుండి ఆరిపోతే తాళం వైపు దారిని ముందు చూడాలి. ఈ రెండోది పూర్తిగా నమ్మదగ్గ గుర్తు కాదు, ఎందుకంటే కొన్ని సెట్లు కరెంటు తీసినా స్టేషన్లు మర్చిపోవు, కొన్ని జీపీఎస్ నుంచి టైమ్ తెచ్చుకుంటాయి.

తాళం వైపు దారిని పరీక్షించడానికి ఛార్జర్ ఒకటి చాలు. చిన్న లైటు వెలిగే ఛార్జర్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి ఉంచండి. చాలా కార్లలో సాకెట్‌కీ సెట్‌కీ తాళం తర్వాత దారి ఒకటే, ఫ్యూజ్‌బాక్స్ మూత మీది పట్టికలో మీ కారు సంగతి తెలుస్తుంది. సెట్‌తోపాటు ఛార్జర్ లైటు కూడా ఆరితే సెట్ నిర్దోషి. ఇగ్నిషన్ స్విచ్, ఆ దారిలోని రిలే, ఫ్యూజ్ చూడాలి. తాళాల గుత్తి బరువుగా వేలాడే పాత కార్లలో ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు అరిగి, తాళాన్ని కొంచెం కదిపితే సెట్ ఆరుతుంది.

ఫ్యూజ్ కాలలేదు కదా అని వదిలేయకండి. ఫ్యూజ్ బాగానే ఉండి, అది కూర్చునే క్లిప్పులు సాగిపోయి లూజ్ అవడం మామూలే. దాన్ని లాగినప్పుడు పట్టు లేకుండా ఊడొచ్చినా, కాళ్లు గోధుమ రంగుకి మారి ఉన్నా అక్కడే ఏదో ఉంది.

ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా బోల్తాపడేది ఈ దశలోనే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. సెట్ వెనక మల్టీమీటర్ పెట్టి ‘12 వోల్టులు వస్తున్నాయి, వైరింగ్ ఓకే, సెట్టే పోయింది’ అంటారు. మల్టీమీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. వైరులో అన్ని పోగులూ తెగి ఒక్క సన్న పోగు మిగిలినా అది 12.6 చూపిస్తుంది. సెట్‌కి మాత్రం పాట పెంచినప్పుడు కొన్ని ఆంపియర్లు కావాలి. వంతెన మీద పిల్లి నడిచిందని లారీని ఎక్కించలేం కదా. అందుకే 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి దాన్ని సెట్ కప్లర్ దగ్గర వెలిగించి చూడమనండి. ఆ బల్బు దాదాపు ఆంపియరున్నర పైగా లాగుతుంది. ఒక వైరు బ్యాటరీ కరెంటు పిన్నుకీ ఇంకోటి కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకీ పెట్టి, హార్నెస్‌ని, అంటే వైర్ల కట్టని, కదుపుతూ చూడాలి. బల్బు మిణుకుమంటే లోపం వైరింగ్‌లో ఉంది. తర్వాత ఎర్త్ పిన్ను వదిలేసి ఆ కొసను శుభ్రమైన బాడీ రేకుకి పెట్టి చూడాలి. ఇప్పుడు నిలకడగా వెలిగితే దొంగ ఎర్త్ వైరే. మీటర్‌తోనే చూడాలంటే సెట్ ఆన్‌లో ఉండి గట్టిగా పాడుతుండగా, సెట్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజీ కొలవాలి. అక్కడ 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది, అర వోల్టు ఉంటే ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకించాల్సిందే.

బయట వేరే స్టీరియో పెట్టించలేదన్నారు, సంతోషం. కానీ రివర్స్ కెమెరా, డ్యాష్‌క్యామ్, ట్రాకర్ లాంటివి ఎప్పుడైనా బిగించారా? వాటికి కరెంటు చాలాసార్లు సెట్ వైరు నుంచే తీసుకుంటారు, వైరు కోయకుండా నొక్కి పెట్టే క్లిప్పులతో. ఆ క్లిప్పు బ్లేడు పోగుల్ని కొన్నింటిని కోసేస్తుంది, ఏళ్లు గడిచాక ఆ చోటే లూజ్ కాంటాక్ట్ అవుతుంది.

బ్యాటరీ అన్నాయన మాట పూర్తిగా కొట్టేయలేను. కానీ బ్యాటరీ బలహీనమైతే ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడే సెట్ రీసెట్ కావాలి, అప్పుడే వోల్టేజీ బాగా పడిపోతుంది. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా ఆల్టర్నేటర్ ఇస్తుంది. ప్రయాణం మధ్యలో ఆరుతుంటే బ్యాటరీ కంటే బ్యాటరీ టెర్మినల్ బిగింపు చూడండి, చేత్తో తిప్పితే కదలకూడదు.

మీ అబ్బాయి మాటకొస్తే, సాఫ్ట్‌వేర్ బిగుసుకుంటే చాలావరకు తెర కూడా బిగుసుకుంటుంది, టచ్ పనిచేయదు. సెకన్లు కదులుతున్నాయి కాబట్టి చప్పుడు పోవడానికి అది కారణం కాకపోవచ్చు. సెట్ రీస్టార్ట్ అవడానికి మాత్రం కావచ్చు. పెన్‌డ్రైవ్‌లో పాడైన ఫైళ్లున్నా కొన్ని సెట్లు రీస్టార్ట్ అవుతాయి. పెన్‌డ్రైవ్ తీసేసి, ఫోన్ కూడా కలపకుండా ఓ వారం ఎఫ్ఎమ్ మాత్రమే వినండి. అప్పటికీ ఆరితే పెన్‌డ్రైవ్ మీద, ఫోన్ మీద అనుమానం తీరుతుంది. మీలా కాకుండా బ్లూటూత్‌లో మాత్రమే తెగుతోంది అనేవాళ్లు ఫోన్‌లో పాత జతను తీసేసి మళ్లీ కలపాలి, బ్యాటరీ సేవర్ ఆపాలి. ఎఫ్ఎమ్ మాత్రమే గరగరమంటుంటే ముందు చవక ఛార్జర్‌ని సాకెట్ నుంచి పీకి చూడండి, ఆ తర్వాతే యాంటెన్నా.

సెట్ నిజంగానే పాడై ఉండే సందర్భమూ ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఎండలో అరగంట నడిచాక క్రమం తప్పకుండా ఆగుతుంటే, పైన చెప్పిన పరీక్షలన్నీ శుభ్రంగా వస్తే, లోపల సోల్డర్ పగిలిందో, చిన్న ఫ్యాన్ తిరగడం లేదో, యాంప్లిఫయర్ చిప్ నీరసించిందో అనుకోవాలి. అప్పుడు కూడా మార్చే ముందు కార్ ఆడియో రిపేరు చేసేవాళ్లకి చూపించండి, చిప్ మార్చడం తెలిసినవాళ్లు ఉంటారు. వేరే కారు నుంచి తీసిన పాత సెట్ కొనాలనుకుంటే, చాలా ఫ్యాక్టరీ సెట్లు తాము పుట్టిన కారుకే కట్టుబడి ఉంటాయని గుర్తుంచుకోండి. సెట్‌ని తెరిచే రహస్య కోడ్ లేకపోతే అది తెర వెలిగే పెట్టె మాత్రమే. మీ సెట్‌కి కూడా కోడ్ అవసరమేమో బ్యాటరీ విప్పించే ముందే కారు కాగితాల్లో చూసుకోండి. తప్పు కోడ్ కొన్నిసార్లు కొడితే లాక్ అయిపోతుంది.

మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ల చేత లోపం జరుగుతున్నప్పుడు తీయించిన వీడియో ఒకటి తీసుకెళ్లండి, తెర కనిపించేలా. ఆయన చిన్న స్కానర్ (కారు కంప్యూటర్లు నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి ‘కోడ్ ఏమీ లేదు’ అంటే తొందరపడి నమ్మొద్దు. మామూలు స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఆడియో లోపాలు బాడీ, నెట్‌వర్క్ కోడ్‌లలో ఉంటాయి, వాటిని చదవడానికి మీ కారు కంపెనీ మాడ్యూళ్లన్నీ (కారులోని ఒక్కో భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్లు) చూడగల స్కానర్ కావాలి.

చివరిగా కాలిపోతుందేమోనన్న భయం. స్పీకర్ వైరు తగలడం వల్ల మంట రావడం దాదాపు జరగదు, చిప్ ముందే ఆగిపోతుంది. జాగ్రత్త పడాల్సింది కరెంటు వచ్చే దారిలో లూజ్ కాంటాక్ట్ గురించి. అక్కడ వేడి పుడుతుంది, కరెంటు ఎక్కువ పారదు కాబట్టి ఫ్యూజ్ కూడా పోదు. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, కప్లర్ కరిగినట్టు కనిపించినా ఆడియో ఫ్యూజ్ తీసేసి, పాట లేకుండా నడపండి. అలాంటిదేమీ లేకపోతే నిశ్చింతగా నడపొచ్చు. ఒక్కసారి మాత్రం ఫ్యూజ్‌బాక్స్ తెరిచి ఆడియో ఫ్యూజ్ రంగు చూడండి. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. మూత మీద 10 అని ఉండి లోపల పసుపుది కూర్చుని ఉంటే, మాటిమాటికీ పోతోందని ఎవరో పెద్దది పెట్టారన్నమాట. అప్పుడు ముందు కాలేది ఫ్యూజ్ కాదు, వైరు. ఈరోజే సరైనది పెట్టించి, అది ఎందుకు పోతోందో అక్కడి నుంచి వెతకమనండి.